కంపెనీ కోళ్ల దాటుడు

ఎర్రకుంట తండాలో ఆ ఏడు దాటుడు పండుగకు అన్నీ ఉన్నాయి. వేపచెట్టు ఉంది, చెట్టు కింద ఏడుగురు అక్కచెల్లెళ్ల రాళ్లున్నాయి, మేక ఉంది, జొన్నలున్నాయి. దాటడానికి పశువు ఒక్కటే లేదు.

ఆ ఏడుగురిలో సీత్లా భవాని పశువులను కాచే తల్లి. వానలు పడి పచ్చిక లేచే వేళకు తండాలోని గొడ్డూ గోదా అంతటినీ ఆమె ముందుకు తోలుతారు. మేకను కోసి, దాని పేగులను నేల మీద గీతలాగా పరుస్తారు. పశువులన్నీ ఆ గీత దాటాలి. దాటుతుంటే ఉడికించిన జొన్న గుగ్గిళ్లు వాటి వీపుల మీద చల్లుతారు. దాటిన పశువుకు ఆ ఏడు గాలికుంటు రాదు, గొంతువాపు రాదు, పులి ముట్టదు.

ముందు పులి పోయింది. తర్వాత పశువులు పోయాయి. లంబాడోళ్లంటే ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు బస్తాలేసుకుని దేశమంతా తిరిగిన జనం. ఎర్రకుంటలో ఇప్పుడు చాయలో పోసుకోవడానికి మరిపెడ నుంచి పాల పాకెట్ రావాలి. ట్రాక్టరు వచ్చి ఎద్దును కొట్టింది. పాకెట్ వచ్చి ఆవును కొట్టింది. మిగిలిన మేత బీడును పత్తి మింగింది. ఎవరూ పోరు పెట్టి పంపింది కాదు. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్కటి సంతకు నడిచి పోయింది, అంతే.

పండుగ ఎట్లా అని పెద్దమనుషులు సుక్కి ఇంటి ముందు కూర్చున్నారు. ఆమె తండాలో అందరికంటే పెద్దది. పండుగ ఆమె చేతి మీదుగా జరగాల్సిందే.

"పోయినేడు లెక్కనే పక్కూరి సురేందర్ పటేలు బర్లను తోలుకొద్దాం" అన్నాడు ఒకడు.

సుక్కి నోట్లో ఆకు పక్కకు ఉమ్మింది.

"పోయినేడు ఆయన బర్లనే దాటిచ్చినం. ఏమైంది? ఆయన బర్రె రెండు దుడ్డెలను ఈనింది. మన పోరగాండ్లకు గవదలు లేశినయ్. మేక మనది, జొన్నలు మనయి, పాట మనది, దీవెన పటేలుదా? ఆయనకు గిట్ల కలిసొచ్చిందనే, ఈయేడు ఆవులను గూడ తోలుకపోండ్రి అవ్వా అని కబురు పంపిండు. నేను సచ్చినా తోల."

"మరి మనకాడ ఏం జీవాలున్నయ్ సుక్కీ?"

సుక్కి తల తిప్పి తండా చివరనున్న పొడుగు రేకుల షెడ్డు వైపు చూసింది. ఆమెతో పాటు అందరూ చూశారు. అరుగు చివర కూర్చున్న ఆమె కొడుకు సక్రు కూడా చూశాడు. ఆ షెడ్డు అతనిదే. 

సక్రు తన ఆఖరి ఎద్దుల జతను అమ్మి వేసిన షెడ్డు అది. అందులో ఐదు వేల తెల్ల కోళ్లున్నాయి. ఒక్కటీ అతనిది కాదు. పిల్లలను కంపెనీ ఇస్తుంది, దాణా కంపెనీ పంపుతుంది, ఎదిగాక లారీ తెచ్చి కంపెనీయే ఎత్తుకుపోతుంది. సక్రుది షెడ్డు, నీళ్లు, నిద్ర. ఈ సంగతిని కంపెనీ సూపర్‌వైజర్ కల్యాణ్ మొదటి రోజే విడమరిచి చెప్పాడు.

"చూడండి సక్రుగారూ, కోడి కంపెనీది. దాణా కంపెనీది. జబ్బు చేస్తే మందు కూడా కంపెనీదేనండి."

"సస్తే సారూ?"

"చస్తే రైతుది."

కల్యాణ్ తొర్రూరు పిల్లాడే. కానీ కంపెనీ అతనికి ఒక చొక్కాతో పాటు ఒక భాష కూడా ఇచ్చింది. ఆఫీసులో మాట్లాడే భాష. దాన్ని అతను ఇస్త్రీ చొక్కాలాగా జాగ్రత్తగా వాడేవాడు, నలగనిచ్చేవాడు కాదు.

ఆ కోళ్ల తాతలు విమానంలో వచ్చాయట. సక్రు తాతలు ఎద్దుల వెంట నడిచి వచ్చారు. అందుకేనేమో అవి సక్రును పెద్దగా లెక్కచేసేవి కావు. పగలూ రాత్రీ బల్బు కింద తినడమే వాటి పని. నడవవు. పొదగవు. కూయవు, కూత వచ్చే వయసుకు ముందే లారీ ఎక్కుతాయి. నెలా పది రోజుల ఆయుష్షు. వాటి రేటు కూడా విమానంలోనే వచ్చేది. ఎక్కడో చైనాలో ఒక కోడి తుమ్మిందంటే తొర్రూరులో ధర పడేది.

షెడ్డు దగ్గర రూళ్లు గుడి రూళ్లకంటే గట్టివి. గుమ్మం ముందు మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాలి. బయటివాళ్లు లోపలికి రాకూడదు. లోపలి కోడి బయటికి పోకూడదు. కంపెనీ దాణా తప్ప గింజ పెట్టకూడదు. ఒక్క రూలు తప్పినా మళ్లీ పిల్లలను పంపరు. పిల్లలు రాకపోతే ఆ రేకుల షెడ్డు దేనికి? అందులో కట్టేయడానికి ఎద్దులు కూడా లేవు.

"ఏంది యాడీ అట్ల జూస్తున్నవ్?" అని తల్లిని అడిగాడు సక్రు.

"జీవాలే గద అవి" అంది సుక్కి.

"కోళ్లు యాడీ అవి! కోళ్లను దాటిస్తరా ఎవరన్న?"

"మరి నీకాడ ఎడ్లున్నయా?"

సక్రు ఆ రోజుకు లేచి వచ్చేశాడు. తల్లి ముసలిది, రెండు రోజుల్లో మరిచిపోతుంది అనుకున్నాడు. నలభై ఏళ్ల కిందట తను పగలగొట్టిన ముంతను నిన్న కూడా గుర్తు చేసిన మనిషి అని అతనికి ఆ క్షణాన తట్టలేదు.

అంతలో పెద్ద బంద్ వచ్చింది.

తెలంగాణ కోసం అప్పటికే బందులు చాలా చూశారు. కానీ ఈసారిది మామూలు బంద్ కాదు, రోడ్డు మీద కుక్క కూడా అడ్డంగా నడవొద్దు అన్నాడు సురేందర్. మరిపెడ పక్క ఊరి పటేలు అతను. ఉద్యమానికి ఆ దిక్కు పెద్ద. రోడ్డు మీద టెంటు వేసి, అక్కడే వంట, అక్కడే తిండి, అక్కడే పాట. వంటావార్పు అన్నమాట. సక్రు కూడా పోయి కూర్చున్నాడు. జై తెలంగాణ అన్నాడు. మనసారా అన్నాడు, అందులో అబద్ధం లేదు.

ఆ ఊపులోనే సురేందర్ అడిగాడు. "సక్రూ, మెయిన్ రోడ్డు కట్టేస్తే డ్రైవర్లు మీ తండ బాటలు వట్టుకొని దొంగతనంగ పోతున్నరు. ఏడ అడ్డమేస్తే ఒక్క బండి గూడ పోరాదో జెప్పు. ఎడ్లబండి బాటలన్ని నీకే ఎరుక."

సక్రుకు గర్వమనిపించింది. అడిగినవాడు పటేలు, అడిగింది తనకు తెలిసిన సంగతి. "పాత మోరి కాడ అడ్డమేస్తే అయిపాయె పటేలా. అటు వాగు, ఇటు చెరువు. పిట్ట గూడ సుట్టు తిరిగి పోవాలె" అన్నాడు. అని ఊరుకోలేదు. నలుగురిని వెంటేసుకుని పోయి, పడిపోయిన తుమ్మచెట్టు మొద్దును తనే ముందు నిలబడి లాగించి మోరి వంతెనకు అడ్డం వేయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తెల్లారి దాణా లారీ వచ్చి ఆ మొద్దు ముందే ఆగింది.

కబురు అంది సక్రు ఉరికేసరికి లారీ లేదు. తిరిగిపోయిన టైర్ల జాడ ఉంది. అద్దాలు పగులుతాయని భయపడి డ్రైవరు ఖమ్మం దారి పట్టాడు. సక్రు మొద్దును చూశాడు. ఎంత చక్కగా వేయించాడో, రెండు వేళ్ల సందు కూడా లేదు.

కల్యాణ్‌కు ఫోన్ చేశాడు.

"సారూ, దాణ లారీ మర్రిపోయింది. షెడ్డుల రేపు పొద్దటికి గింజ ఉండది. కోళ్లు గూడ ఎత్తే వయిసుకొచ్చినయ్. ఎట్ల?"

"బంద్ అయ్యేవరకూ కంపెనీ బండి ఏదీ కదలదండి. మీరు ఎలాగో మెయింటైన్ చేయండి."

"ఏం బెట్టి జెయ్యాలె? ఇంటికాడి నూకలు బెట్టనా?"

"అబ్బే, అది రూలు కాదండి."

"మరి ఉపాసముంచనా?"

"అది కూడా రూలు కాదండి" అన్నాడు కల్యాణ్. వెనకాల డప్పుల చప్పుడు, జై తెలంగాణ కేకలు వినిపించాయి.

"సారూ, నువ్వేడున్నవ్?"

 "తొర్రూరు సెంటర్ల కూసున్న, రాస్తారోకోల" అన్నాడు కల్యాణ్. ఆ ముక్క మాత్రం ఇస్త్రీ లేకుండా వచ్చింది.

సక్రు సురేందర్ దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పటేలా, ఒక్క దాణ లారీని ఇడిచిపెడ్తే..."

"అంబులెన్సును ఇడుస్తం. పాలబండిని ఇడుస్తం. పీనుగ బండిని ఇడుస్తం. కోడి దాణను ఇడుమని ఏ జేఏసీ జెప్పింది సక్రూ? మోరి కాడ అడ్డమేయమన్నదే నువ్వాయె!"

"జీవాలు సస్తయ్ పటేలా."

"తెలంగాణ వచ్చినంక నీ కోళ్లు కడుపునిండ తింటయ్ తియ్."

"అప్పటిదాంక ఆగుతయా? వాటి ఆయుష్షే నెల పది దినాలు."

టెంటులో అందరూ నవ్వారు. సురేందర్ కూడా నవ్వి, "అయితె ఓ పని జెయ్. ఓ యాభై కోళ్లను ఈడికే తీసుకరా. వంటావార్పుల ఏద్దాం. ఉద్యమానికిచ్చినట్లుంటది, నీకు దాణ మిగులుతది" అన్నాడు.

"నాయైతే ఇయ్యనా పటేలా? కంపెనీయి."

"ఐదు వేల కోళ్ల ఆసామివి, ఒక్క కోడి గూడ నీది గాదా?"

"సచ్చినయ్ మాత్రం నాయి" అన్నాడు సక్రు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో వాళ్లకు తెలియలేదు.

మర్నాటికి షెడ్డులో దాణా డబ్బాలు ఖాళీ. బతుకులో ఆకలి అంటే ఏమిటో తెలియని కోళ్లవి. కొత్తగా తెలిసేసరికి పిచ్చెత్తినట్టయ్యాయి. డబ్బాలను పొడిచాయి, కట్టిన తాళ్లను పొడిచాయి, ఒకదాని తోకను ఒకటి పీకాయి. లోపలికి పోతే సక్రు కాలి బొటనవేలును పురుగనుకుని పట్టాయి. సక్రు భార్య ద్వాళి నీళ్లు పోసి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీళ్లు తాగి తాగి నన్నే జూస్తున్నయ్ అయ్యా. రేపటికల్ల ఒకదాన్నొకటి తింటయ్. ఏదన్న జెయ్."

ఏం చేయాలి? ఐదు వేల నోళ్లకు నూకలు ఎవరి ఇంట్లో ఉన్నాయి? ఇంటింటికీ తిరిగి అడిగాడు కూడా. "కంపెనీ కోళ్లకు మా గింజలా?" అన్నారు. "లాభమొచ్చిననాడు కంపెనీ మాకు కోడి కాలన్న పంపిందా?" అన్నారు. వాళ్ల మాటలో తప్పు పట్టడానికి సక్రుకు ఏమీ దొరకలేదు.

అప్పుడు వచ్చింది సుక్కి, కట్టె పొడుచుకుంటూ. గుమ్మం ముందు తొట్టిని చూసి ఆగింది.

"యాడీ, కాళ్లు ముంచి రావాలె" అన్నాడు సక్రు.

"నా కాళ్లకు రోగమున్నదా, వాని కోడికి రోగమున్నదా?"

"రూలు యాడీ."

సుక్కి లోపలికి పోలేదు. జాలీలోంచి చూసింది. జాలీకి అవతల తెల్లగా ఐదు వేల తలలు ఒక్కసారే ఆమె వైపు తిరిగాయి. 

"ఇన్ని జీవాలను ఒక్క తావున మా నాయిన దినాలల్ల జూసిన. మళ్ల ఇప్పుడే" అంది. తర్వాత గొంతు మార్చింది. "మంగళారం పండుగ. వీటినే తోలుకరా."

"కంపెనీకి ఎరుకైతే పిల్లల నియ్యరు యాడీ. షెడ్డు పాడువడ్తది. నేనేం జేసి బతకాలె?"

"ఇంటికి అడ్డెడు జొన్నలు గుగ్గిళ్లకు ఇయ్యాలని జెప్పి వచ్చిన. ముప్పై ఇండ్లు. నువ్వు రాకుంటే పటేలు బర్లే దాటుతయ్, ఆ గుగ్గిళ్లు అవే తింటయ్. నీ ఇష్టం."

అని కట్టె పొడుచుకుంటూ పోతోంది. సక్రు పదడుగులు పోనిచ్చాడు.

"యాడీ!"

సుక్కి ఆగింది, తిరగలేదు.

"గుగ్గిళ్లు... వీపుల మీద సల్లినయ్ కింద వడ్తయ్ గద. అవి ఏమైతయ్?"

"కింద వడ్డయ్ జీవాలయి. ఎప్పటి సందో గదే ఆచారం."

"అడ్డెడంటె తక్కువైతదేమో. అమ్మకు కోపమొస్తదేమో" అన్నాడు సక్రు.

సుక్కి అప్పుడు తిరిగి చూసింది. ఆ ముసలి ముఖంలో ఏ నవ్వూ లేదు. "కుంచెడు జెప్త తియ్" అంది.

కంపెనీ కోళ్లకు గుప్పెడు నూకలివ్వని తండా, సీత్లా భవాని జీవాలకు కుంచాలతో జొన్నలు పోసింది. ఇంటింటా గంజులు పొయ్యెక్కాయి. కొందరు మక్కలు కూడా కలిపారు. తమ ఇంట్లోంచి పోయిన ఎద్దు పేరు తలుచుకుని ఒక ముసలాయన బస్తా మక్కలు పోశాడు.

మంగళవారం వేపచెట్టు దగ్గర తండా అంతా పోగైంది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఎప్పుడూ మేకతో పాటు కోళ్లను కూడా కోస్తారు. ఈసారి సుక్కి వద్దంది. "చుట్టాలను పిలిచి వాండ్ల ముంగల వాండ్ల పోరన్ని కోస్తరా?" అంది. మేకను మాత్రమే కోసి, ఏడు రాళ్ల ముందు పేగుల గీత పరిచారు.

సక్రు షెడ్డు తలుపు తీశాడు. తీసి పక్కకు జరిగాడు.

ఒక్క కోడి కూడా రాలేదు.

పుట్టినప్పటి నుంచీ వాటి లోకం ఆ నాలుగు గోడలే. గుమ్మం దగ్గర వెలుతురును చూసి వెనక్కి తగ్గాయి. "హోయ్! హోయ్!" అని సక్రు ఎద్దులను అదిలించినట్టు అదిలించాడు. పడుచు పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. "మామా, చెర్నకోల తేవాల్నా?" అని అడిగాడు ఒకడు. "నాగలి గడ్తవా బావా?" అని ఒక వదిన.

ద్వాళి ఖాళీ దాణా బకెట్ తెచ్చి, దాని మీద కట్టెతో టంగు టంగున కొట్టింది.

అంతే. ఆకలిగొన్న ఐదు వేల కోళ్లు ఆ చప్పుడు వెంట పడ్డాయి. చెరువు తెగినట్టు తెల్లగా గుమ్మంలోంచి కారాయి. బరువుకు ఊగుతూ, పడుతూ, లేస్తూ, రెక్కలున్నాయని అప్పుడే గుర్తొచ్చినట్టు కొట్టుకుంటూ ద్వాళి వెనకాల వచ్చాయి. ద్వాళి బకెట్ కొడుతూ ముందు ఉరుకుతోంది, కోళ్లు వెనక, వాటి వెనక సక్రు, సక్రు వెనక తండా పిల్లలు. చెట్టు దగ్గర జనం పాట ఆపి రెండు పక్కలకూ చీలారు.

"సల్లుండ్రి! గుగ్గిళ్లు సల్లుండ్రి!" అని అరిచింది సుక్కి.

చల్లారు. ముందు వరస కోళ్లు గీత దాకా వచ్చాయి. వచ్చి ఆగాయి. తలలు వంచి చూశాయి. చూసి, పేగుల గీతను పొడుచుకుని తినడం మొదలుపెట్టాయి. ఒక కోడి ఒక కొస పట్టి లాగింది, ఇంకోటి రెండో కొస. రెప్పపాటులో గీత గజిబిజి అయింది. ఇంకో రెప్పపాటులో గీతే లేదు.

పాటలు పాడేవాళ్ల నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. సీత్లా భవాని ఎదుట ఏ పశువూ ఇంతవరకూ అట్లాంటి పని చేయలేదు. ఎద్దు బెదిరింది, ఆవు మొండికేసింది, ఒకసారి మేకపోతు తండా పెద్ద నైకును కుమ్మింది. కానీ గీతను ఎవరూ తినలేదు.

అందరూ సుక్కి వైపు చూశారు.  ఇది దోషమంటే కోళ్లను వెనక్కి తోలాలి. గుగ్గిళ్లు ఎవరి ఇంటికి వాళ్లు తీసుకుపోతారు.

సుక్కి రాళ్ల వైపు చూసింది. కోళ్ల వైపు చూసింది.

"దాటిన జీవానికి దీవెన కాళ్లకే తగులుతది. వీటికి కడుపులకే పోయింది. ఇంకేం గావాలె?" అంది. "పాడుండ్రి!"

పాట మళ్లీ లేచింది. కుంచాలకు కుంచాలు గుగ్గిళ్లు పడ్డాయి. వీపు మీద పడిన గుగ్గిళ్లను పక్క కోడి తింది. సుక్కి చేతులెత్తి ఎప్పటి దీవెనే దీవించింది. కాలికి ముల్లు గుచ్చొద్దు, కంటికి దుమ్ము తగలొద్దు, కత్తి కంట పడొద్దు, నిండు నూరేళ్లు బతకాలి అంది. నిండు నూరేళ్లు అన్నప్పుడు సక్రు తలవంచుకున్నాడు.

సాయంత్రం కోళ్లు షెడ్డులోకి పోమన్నాయి. కడుపు నిండింది, నేల మీద చెదలు దొరికాయి, పచ్చిక దొరికింది, కాళ్లతో గీకితే మట్టి లేస్తుందని తెలిసింది. ఎంత తోలినా కదలలేదు. అప్పుడు కరెంటు వచ్చింది. షెడ్డులో బల్బులు వెలిగాయి. వెలగగానే అన్నీ తలలెత్తి, ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి ఉరికాయి. సగం పోగానే కరెంటు పోయింది. మిగతా సగం ఉన్నచోటే నిలబడిపోయాయి. మళ్లీ వచ్చేదాకా నిలబడే ఉన్నాయి, కరెంటాఫీసు ముందు రైతుల్లాగా.

ఆ తర్వాత రోడ్డు తెరిచేదాకా రోజూ అదే వరస. పొద్దున తలుపు తీయకపోతే జాలీని పొడిచేవి. అమ్మ గుగ్గిళ్లు మిగిలినవి కొన్ని, పురుగూ పుట్రా కొన్ని. చచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. సక్రు మాత్రం తిండి సహించక తిరిగాడు. కల్యాణ్ వస్తాడు, చూస్తాడు. ఇక షెడ్డు పని అయిపోయినట్టే.

మొద్దు తీశారు. కల్యాణ్ వచ్చాడు. వెంట లారీ, లారీలో కోళ్లు పట్టే జమాత్ నలుగురు. వాళ్లు మానుకోట నుంచి వచ్చారు. కూర్చున్న కోడిని కూర్చున్నట్టే కాళ్లు పట్టి, చేతికి ఐదు చొప్పున ఎత్తి డబ్బాలో వేయడం వాళ్ల పని. కంపెనీ కోడి వాళ్లను చూసి ఎప్పుడూ లేచింది కాదు.

మొదటివాడు లోపలికి పోయి వంగాడు. కోడి లేచి పరుగెత్తింది.

వాడు చేయి చూసుకున్నాడు. మళ్లీ వంగాడు. మళ్లీ పరుగెత్తింది. రెండోవాడు దూకాడు, ఊకలో బోర్లా పడ్డాడు. ఆ గందరగోళంలో ఎవడో తలుపు తోశాడు. తలుపు తెరుచుకుంటే ఏం చేయాలో కోళ్లకు ఇప్పుడు బాగా తెలుసు.

"అరే, అవి బయటికి... సక్రుగారూ, ఇదేమిటండి? బ్రాయిలర్లు పరిగెత్తడమేమిటండి?" అన్నాడు కల్యాణ్. ఒక పుంజు అతని కాళ్ల సందుల్లోంచి దూరి పోయింది. అతను వెనక్కి పడి, మందునీళ్ల తొట్టిలో కూర్చున్నాడు. "ఓర్నీయవ్వ! గిదేం కోడిరా బై! వట్టుండ్రి, వట్టుండ్రి! అటు దిక్కు పోతున్నయ్, జర అడ్డం వోరాదే అవ్వా!"

సుక్కి అడ్డం పోలేదు. అరుగు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "మనోడే! మన తొర్రూరోడే!" అంది.

పత్తి చేనులో ఒకడు, కంచెలో ఒకడు, వాగులో ఒకడు. తండా అంతా కోళ్ల వెంట పడింది. పట్టడానికి కొందరు, చూడడానికి మిగతావాళ్లు. సక్రు రొప్పుతూ తల్లి దగ్గరికి వచ్చాడు.

"నూరేండ్లు బతకమని దీవించినవ్. ఇగో, లారీ ఎక్కుతున్నయ్. నీ దీవెన ఏమాయె?"

"కాళ్లిచ్చిన. ఉరికేది ఉరుకుతది, ఎక్కేది ఎక్కుతది. నేనేం లారీకి అడ్డం మొద్దెయ్యాల్నా? అది నీ పనాయె" అంది సుక్కి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి డబ్బాలు నిండాయి. కల్యాణ్ తడిసిన ప్యాంటుతో తూకం దగ్గర నిలబడి, ఒక కోడి మెడ కింద సంచిని తడిమి చూశాడు. వేళ్లకు జొన్నలు తగిలాయి. సక్రు ముఖం చూశాడు. సక్రు నేల చూశాడు.

కల్యాణ్ దూరం పోయి ఆఫీసుకు ఫోన్ చేశాడు.  ద్వాళి వచ్చి అతని పక్కన నిలబడింది. గాలి ఇటే వీస్తోంది, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "సార్, బయటి గింజలు తిన్నాయి సార్... అవును సార్, షెడ్డు బయట తిరిగాయి కూడా... రిజెక్ట్ చేసేద్దామా సార్? ... ఆఁ... ఆఁ... సరే సార్."

తిరిగి వచ్చాడు.

"ఏమన్నడు సారూ?"

కల్యాణ్ అటూ ఇటూ చూసి, కంపెనీ భాషను పక్కన పెట్టి చెప్పాడు. "బంద్‌తోని హైద్రబాద్‌ల కోడి దొరుకుతలేదంట కాకా. దుకాణాలన్ని ఖాళీ. రేటు నెత్తికెక్కింది. జొన్నలు దిన్నా, రాళ్లు దిన్నా, ఉన్నయ్ ఉన్నట్టు జల్ది పంపుమన్నడు. వచ్చే వారం కొత్త పిల్లలు గూడ పంపుతడంట."

 "మరి రూలు?" అన్నాడు సక్రు.

"రూలు కోడి రేటు అగ్గువున్నప్పుడు కాకా."

లెక్కకు నూటికి పైగా కోళ్లు తక్కువ వచ్చాయి. కొన్ని పత్తి చేనులో ఉన్నాయి, కొన్ని కంచెలో. పట్టే జమాత్ ఇక ఒక్క అడుగు కూడా వేయమని నేల మీద పడుకుంది. కల్యాణ్ ఆ చేను వైపు చూశాడు. తెల్లగా ఒకటి మొక్కల మధ్య తల ఎత్తి, అతన్ని చూసి మళ్లీ దాచుకుంది.

"గవి సచ్చిపోయినయ్ కాకా" అన్నాడు కల్యాణ్.

"ఎవ్వి?"

"గవే. చేన్ల ఉరుకుతున్నయ్ జూడు. అవి సచ్చినయ్. సచ్చినయ్ ఎవరియి?"

"నాయి" అన్నాడు సక్రు. అని, తను అన్న మాట తనకే అర్థమై, మొట్టమొదటిసారి నవ్వాడు.

లారీ పోయింది. చచ్చిన కోళ్లు సాయంత్రానికి ఒక్కొక్కటే ఇంటికి వచ్చాయి. సుక్కి వాటిని ఇంటికి ఇన్ని అని తండాకు పంచింది. పండుగకు జొన్నలిచ్చిన ఇంటికల్లా ముట్టాయి. కత్తి ముట్టించొద్దని గట్టిగా చెప్పింది. వచ్చే దాటుడుకు ఎవరి జీవాలు వాళ్లకుండాలి, పటేలు ముఖం చూసేది లేదు అంది. సురేందర్ కబురు పంపాడు, మా ఇంటికి కూడా ఓ రెండు పంపండ్రి అని. సుక్కి, "ఆయన బర్లు గుడ్లు పెడ్తయేమో జూస్కొమ్మను" అంది.

రెండు నెలలు గడిచాక సక్రు వాకిట్లోని పెద్ద పుంజుకు కూత వచ్చింది. ఆ జాతి పుంజు కూయగా తండాలో విన్నవాడు లేడు. అసలు కూసే దాకా అది ఎక్కడైనా బతికిందో లేదో. గొంతు బొంగురుగా, పాత మోటారు మొరాయించినట్టు ఉంది. కానీ అది తెల్లవారుజామున కూయలేదు. నడి మధ్యాహ్నం కూసింది. మర్నాడు దీపాలు పెట్టే వేళ కూసింది. ఆ మర్నాడు అందరూ అన్నాలు తింటుంటే కూసింది.

"దీనికి పొద్దు ఎరుకలేదు, పిచ్చిది" అంది ద్వాళి.

సక్రు కొన్నాళ్లు దాన్ని గమనించాడు. అది పడుకునేది షెడ్డు గుమ్మంలో, బల్బు కింద. దానికి సూర్యుడితో పని లేదు. పుట్టినప్పటి నుంచీ దానికి తెలిసిన వెలుగు ఒక్కటే. బల్బు వెలిగితే తెల్లారినట్టు, కూస్తుంది. ఆరితే ముడుచుకుంటుంది.

ఆ రోజుల్లో బావి మోటార్లకు కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. పొలం దగ్గర కాపలా కాసి కాసి రైతులకు కళ్లు కాయలు కాసేవి. ఇప్పుడు ఎర్రకుంటలో ఎవరూ కాపలా కాయడం లేదు. పుంజు కూయగానే చెప్పులు వేసుకుని బయలుదేరుతారు. కూత పక్క ఊరి దాకా వినిపిస్తుంది. సురేందర్ పటేలు జీతగాడు కూడా దాని కూత వినే మోటారు వేస్తాడట.

ఆ సంగతి సుక్కికి ఎవరో చెప్పారు.

"సూశినవా సక్రూ" అంది ఆమె, నోట్లో ఆకు పక్కకు ఉమ్మి. "మళ్ల దీవెన ఆయనకే తగిలింది."